అత్తయ్య స్థలంలో చుక్క నీరు నిలవదండీ

ఒక జీపునీ, ఒక ప్రభుత్వాధికారినీ, మా మేనత్త సొంతింటి ఆశనీ ఒకే పూట, ఒకే బురదలో దించేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. ఇందులో ఎవరి కుట్రా లేదు, ఎవరి ప్రోద్బలమూ లేదు. పూర్తిగా నా స్వయంకృషి. మా రాంబాబు బాబాయి కాస్త చెయ్యి వేశాడు గానీ, తిట్లలో వాటా అడగలేదు కాబట్టి పేరు మొత్తం నాకే దక్కింది.

అప్పటికి నేను ఏలూరులో ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నానని ఇంట్లోవాళ్ళు నమ్మేలా తిరుగుతున్న రోజులు. ఉద్యోగం లేదు గానీ ఊళ్ళో గౌరవానికి లోటు లేదు. ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. కరెంటు బిల్లు దగ్గర్నుంచి కంటి డాక్టరు చీటీ దాకా అన్నీ పట్టి పట్టి చూసి, అర్థం కాకపోయినా గంభీరంగా తల పంకించేవాణ్ణి. అలా పంకిస్తూ పంకిస్తూ కొన్నాళ్ళకు నాకు నిజంగానే అన్నీ తెలుసన్న నమ్మకం కుదిరింది. మనిషి చెడిపోవడానికి అంతకంటే ఏం కావాలి చెప్పండి?

మా ఊరు భీమడోలు దిగి కొల్లేరు వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. ఊరి చివర, ఇళ్ళ వరస ఆగిపోయిన చోట, మా సుభద్రత్తయ్యకు ముప్పై సెంట్ల చెక్క ఉంది. పెళ్ళప్పుడు తాతగారు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. అత్తయ్య తాడేపల్లిగూడెంలో ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసింది. మావయ్య పోయాక కూడా అక్కడే ఉండిపోయింది, అద్దె ఇళ్ళలో. ఒక ఇంటి ఓనరు గోడకు మేకు కొట్టొద్దంటాడు. ఇంకో ఓనరు భార్య కరివేపాకు మొక్క పాతొద్దంటుంది. ఇంకొకావిడకు అత్తయ్య గట్టిగా నవ్వినా గిట్టదు. మా అత్తయ్యకు నవ్వు కొంచెం ఎక్కువే. ఇలా ఓనర్లందరి రాజ్యాంగాలూ పాటించి పాటించి విసిగిపోయి, రిటైరయ్యాక ఆ ముప్పై సెంట్లలో రెండు గదుల ఇల్లు వేసుకుని హాయిగా నవ్వుకుంటూ బతకాలని నిశ్చయించుకుంది. ఇల్లు వేసేదాకా ఖాళీగా ఎందుకని మా రాంబాబు బాబాయి దాంట్లో వరి వేస్తున్నాడు. బాబాయి నాన్నకు పినతండ్రి కొడుకు. అత్తయ్యకు తమ్ముడి వరస.

సరిగ్గా అప్పుడే మా ప్రాంతానికంతా మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది. రాబోయే రోజుల్లో ఎక్కడ ఇళ్ళుండాలి, ఎక్కడ పొలాలుండాలి, ఎక్కడ ఫ్యాక్టరీలుండాలి అన్నీ రంగులేసి పటం గీశారు. దాన్ని ఏలూరు ఆఫీసులో గోడకు తగిలించి, ప్రజలు వచ్చి చూసి అభ్యంతరాలూ సలహాలూ చెప్పొచ్చని ప్రకటించారు. ఆ ప్రకటనను ఊళ్ళో అందరికంటే ముందు నేనే చదివాను. తల పంకించాను. అత్తయ్యకు ఫోను చేశాను.

మర్నాడు అత్తయ్య గూడెంలో పాసింజరెక్కింది. నేను భీమడోలులో అదే పెట్టె ఎక్కాను. ఏలూరులో దిగి, ఆటోలో ఆఫీసుకు వెళ్ళేసరికి హాలంతా పెళ్ళి పందిరిలా ఉంది. పటం చుట్టూ జనం. ఎవరి పొలం మీద వాళ్ళు వేలు పెట్టి వెతుక్కుంటున్నారు. కైకలూరు నుంచి వచ్చిన చేపల చెరువు ఆసామి ఒకాయన, తన చెరువు ఆకుపచ్చగా ఎందుకుందని గుమస్తాను నిలదీస్తున్నాడు. ఆయన చెరువు పొలమైంది. మన సంగతేంటో చూద్దామని అత్తయ్య కళ్ళద్దాలు సర్దుకుంది.

మా ఊరు దొరికింది. ఊరంతా పసుపు రంగు. పసుపంటే ఇళ్ళు. ఊరి చుట్టూ ఆకుపచ్చ. అంటే పొలాలు. పసుపు రంగు ముగిసే అంచున, వేలి గోరంత నీలం చుక్క ఒకటి మిలమిలలాడుతోంది. అది మా అత్తయ్య చెక్క.

"ఏవండీ, ఈ నీలం రంగేంటండీ?" అని అత్తయ్య గుమస్తాను మెత్తగా అడిగింది.

"నీటి వనరండీ అమ్మా."

"అంటే?"

"చెరువో కుంటో అయ్యుంటుందండీ."

"నా స్థలంలో చెరువెవరు తవ్వారండీ? ఎప్పుడు తవ్వారండీ? పోనీ చేపలేమైనా పడ్డాయాండీ?"

గుమస్తా నవ్వాపుకుంటూ, ఈ పటం ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి గీశారనీ, అది పైనుంచి చూసినప్పుడు అక్కడ నీళ్ళు కనిపించి ఉంటాయనీ చెప్పాడు. నీలం రంగులో ఉంటే ఇంటి ప్లాను మంజూరు కాదని కూడా చెప్పాడు. ప్లాను లేకపోతే బ్యాంకు లోను రాదు. లోను రాకపోతే ఇల్లు లేదు. అత్తయ్య మొహంలో నవ్వు పోయింది.

"మరేం చెయ్యాలండీ ఇప్పుడు?"

"అభ్యంతరం రాసిచ్చెయ్యండమ్మా. మా ఆఫీసరు గారొచ్చి చూస్తారు. పక్కన పసుపే ఉంది కదండీ, చెరువు కాదని తేలితే మీది కూడా పసుపులో కలిపేస్తారు."

బయట అరుగు మీద కూర్చున్నాం. నేను పెన్ను తీశాను. అత్తయ్య చెప్పింది, "ఇది చెరువు కాదండీ, వరి చేను. ఊడ్పులప్పుడు నీళ్ళు పెడతాం. అంతే రాయరా శ్రీనూ."

ఇక్కడ మీరు నన్ను చెవి పట్టుకుని ఆపాల్సింది. ఆవిడ చెప్పినదాంట్లో సర్వం ఉంది. నిజముంది, కారణముంది, కాగితం పొదుపు కూడా ఉంది. కానీ చదువుకున్నవాణ్ణి పిలిపించి ఆ ఒక్క ముక్క రాయిస్తే నా పరువేం కావాలి?

"అలా రాస్తే మన కేసు వీకైపోతుందత్తయ్యా. నీళ్ళు పెడతామని మనమే ఒప్పుకున్నట్టవుద్ది."

"పెడతాం కదరా మరి?"

"పెడతాం. కానీ చెప్పకూడదు. మీరు చూస్తూ ఉండండి."

రాశాను. ఏం రాశాననుకున్నారు? "సదరు భూమి మిక్కిలి మెరక ప్రదేశమనియు, అనాదిగా ఏ కాలమందునూ ఇందులో చుక్క నీరు నిలిచిన దాఖలాలు లేవనియు, వర్షాకాలమందు సైతం నేల పొడిగానే ఉండుననియు..." అలా రెండు పేజీలు. కొల్లేరు పక్కన, గోదావరి కాలువ కింద, రెండు పంటలు పండే చేను గురించి. చదివిన వాడెవడైనా అత్తయ్యది ఎడారి అనుకోవాలి. ఆవిడ సంతకం పెడుతూ నా వైపు అనుమానంగా చూసింది గానీ, మేనల్లుడి మీద ప్రేమ కొద్దీ పెట్టేసింది.

రోజులు గడిచాయి. కాలువలకు నీళ్ళొదిలారు. నీళ్ళలో దున్ని దమ్ములు చేశారు, ఊడ్పులు మొదలయ్యాయి. బాబాయి అత్తయ్య చెక్కలో కూడా ఊడ్పించేశాడు. లేత నాట్లు, వాటి కింద పాదాలు మునిగేంత నీళ్ళు. చూడముచ్చటగా ఉంది. అలా చూసి ముచ్చటపడుతున్న సాయంత్రమే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"శ్రీనివాసు గారండీ? రేపు పొద్దున్న మా ఆఫీసరు గారు స్థలం చూడ్డానికి వస్తున్నారండీ."

అనాదిగా చుక్క నీరు నిలవని భూమిలో నీళ్ళు తళతళలాడుతున్నాయి. పరుగెత్తుకుంటూ బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒకప్పుడు వార్డు మెంబరుగా చేశాడు. ఆ పదవి పోయి ఎన్నాళ్ళయినా, అధికారులతో ఎలా మెలగాలో తనకు తెలిసినట్టు జిల్లాలో ఎవరికీ తెలియదని ఆయన గట్టి నమ్మకం.

"ఓస్ ఇంతేనేంట్రా? ఆఫీసరన్నవాడు కళ్ళకేది కనపడితే అదే రాసుకుపోతాడు. తెల్లారేసరికి మడవ తీసేద్దాం. చేను ఆరిపోద్ది."

మడవంటే గట్టుకు పెట్టే గండి. మా వైపు నీళ్ళు ఎగువ చేలోంచి దిగువ చేలోకి మడవల గుండానే పోతాయి. ఒకడి చేలో నీళ్ళు తీస్తే ఇంకొకడి చేలో పడతాయి. ఇది మా ఊళ్ళో నడక నేర్చిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసినా ఆ పూట గుర్తుకు రాలేదు. బాబాయికైతే గుర్తుకొచ్చింది.

"దిగువ చేనోడు ఊరుకోడురా. ఆడి నాట్లు మునిగితే మన మీదడిపోతాడు. పుంతలోకి తీసేద్దాం."

పుంతంటే చేల మధ్య, రెండు గట్ల నడుమ పల్లంగా పోయే బండి దారి. అత్తయ్య చెక్కకు వెళ్ళాలంటే అదొక్కటే దారి. ఈ సంగతి బాబాయికీ గుర్తుకు రాలేదు, నాకూ రాలేదు. ఇద్దరం ఒకరి తెలివికి ఒకరు మురిసిపోయాం. నాట్లేమవుతాయి బాబాయ్ అంటే, ఒక్క పూటకు వరి చచ్చిపోదులే, సాయంత్రానికి మళ్ళీ పెట్టేసుకుందాం అన్నాడు.

తెల్లారుతూనే బాబాయి మడవ తీశాడు. నీళ్ళు తొందరగా పోవడం లేదని ఆయిలింజను కూడా తెచ్చి పెట్టి తోడించాడు. ఆ పని ఆయనకొదిలేసి నేను ఊళ్ళో సాక్షుల్ని కూడగట్టాను. ప్రజాభిప్రాయమన్నాక ప్రజలుండాలి కదా. ఇరుగు పొరుగు వాళ్ళందరినీ రామాలయం అరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

"జీపు రాగానే మీరంతా గట్టు మీద వరసగా నిలబడాలి. ఆఫీసరు గారు నేల మీద కాలు పెట్టగానే అందరూ ఒక్క గొంతుతో 'చుక్క నీరు నిలవదండీ' అనాలి. ఏదీ, అనండి."

"చుక్క నీరు నిలవదండీ!" అన్నారు.

"ఇంకా నమ్మకంగా."

"చుక్క నీరు నిలవదండీ!"

"ఆఫీసరు గారు ఏం అడిగినా ఇదేనాండీ?" అని ఒక పెద్దాయన సందేహం వెలిబుచ్చాడు.

"ఏం అడిగినా ఇదే తాతగారూ. ఇంకో ముక్క మాట్లాడొద్దు."

వాళ్ళను గట్టు మీదికి పంపించి, నేను జీపుకు దారి చూపించడానికి భీమడోలు వెళ్ళాను. అదే ఇంకో పొరపాటు. వెళ్ళేముందు ఒక్కసారి పుంత వైపు తొంగి చూసి ఉంటే ఈ కథే లేదు.

ఆఫీసరు గారు పెద్దమనిషి. తెల్లటి చొక్కా, మెరిసే బూట్లు, నెమ్మదైన మాట. పక్కన ట్యాబు పట్టుకున్న సర్వేయరు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నారు. దారి పొడవునా నేను నోరు మూయలేదు.

"మీ నేల సంగతి ఎలా ఉంటుందండీ?" అన్నారాయన.

"గుల్ల నేలండీ. బిందెడు నీళ్ళు పోసి వెనక్కి తిరిగి చూస్తే కనపడవండీ. మా అత్తయ్య పాపం అక్కడ ఒక్క మొక్క బతికించుకోవాలన్నా నీళ్ళు మోసుకెళ్ళాలండీ."

"అలాగాండీ? కొల్లేరు ఇంత దగ్గర్లో ఉండి కూడానా?"

"అదే విచిత్రమండీ."

ఆయన విచిత్రపడుతూ ఉండగానే జీపు ఊరు దాటి మలుపు తిరిగింది. డ్రైవరు బ్రేకేశాడు.

"ముందర కాలవడ్డొచ్చిందండీ. ఎటు తిప్పమంటారు?"

నేను ముందుకు వంగి చూశాను. రెండు గట్ల మధ్య నిండుగా నీళ్ళు. పొద్దుటెండలో కొల్లేరు తమ్ముడిలా మెరిసిపోతున్నాయి. నోరెండిపోయింది. మా ఊళ్ళో ఆ పూట ఎండిన చోటు అదొక్కటే.

"అది... కాలవ కాదండీ. రోడ్డండీ."

"రోడ్డులో బాతులీదుతున్నాయండీ," అన్నాడు డ్రైవరు.

నిజమే. ఎవరి బాతుల మందో, కొత్త నీళ్ళు చూసి కుటుంబ సమేతంగా దిగింది. పిల్లా పెద్దా వరసగా, ప్రభుత్వ జీపుకు స్వాగతం చెబుతున్నట్టు ఎదురొస్తున్నాయి.

వెనక సీట్లోంచి సర్వేయరు ట్యాబు పైకెత్తి ఫొటో తీశాడు. "ఈ కాలవ మన ముసాయిదాలో లేదు సార్."

"రాసుకోండి," అన్నారు ఆఫీసరు గారు.

ఆ మాట నేను విన్నాను గానీ పట్టించుకోలేదు. నా ధ్యాసంతా పోయిన పరువును ఎలా నిలబెట్టాలా అన్నదాని మీదే ఉంది. "లోతేం ఉండదండీ, పోనివ్వండి," అన్నాను డ్రైవరుతో. అతను నన్ను నమ్మాడు. ఆ రోజు నన్ను నమ్మినవాళ్ళంతా ఒక్కొక్కరే మునిగారు. జీపు నాలుగు గజాలు పోయి, పెద్దగా నిట్టూర్చి, ముందు చక్రాల మీద కూలబడింది. బాతులు రెండు పాయలుగా చీలి దానికి దారిచ్చాయి.

ఆఫీసరు గారు తలుపు తీసి కాలు కింద పెట్టారు. కాలు మోకాలి దాకా వెళ్ళిపోయింది. రెండోది కూడా పెట్టారు, అదీ వెళ్ళింది. సరిగ్గా అప్పుడే, ఎప్పుడెప్పుడా అని గట్టు మీద ఎదురుచూస్తున్న నా ప్రజలు ఆయన కాలు పెట్టడం చూశారు.

"చుక్క నీరు నిలవదండీ!"

అబ్బ, ఎంత బాగా అన్నారనుకున్నారు! పొద్దున రిహార్సల్‌లో కూడా అంత కలిసి రాలేదు.

ఆఫీసరు గారు నీళ్ళలో నిలబడి వాళ్ళ వైపు చూశారు. "ఏంటండీ నిలవనిది?"

"చుక్క నీరు నిలవదండీ!" అన్నారు మళ్ళీ. ఏం అడిగినా అదే అనమని చెప్పింది నేనే కదా.

"మరి ఇదేంటండీ?" అని ఆయన తన చుట్టూ చేయి తిప్పి చూపించారు.

"చుక్క నీరు నిలవదండీ," అన్నాడు పెద్దాయన ఒక్కడే, కాస్త జాలిగా.

నేను కూడా దిగి ఆయనకు చెయ్యి అందించబోయాను. ఇద్దరం కలిసి ఇంకో జానెడు దిగాం. ఒక బూటు బురదలోనే ఉండిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. ఇప్పటికీ ఆ పుంతలోనే ఎక్కడో ఉండుంటుంది. బాబాయి ఇంజను ఆపి పరుగెత్తుకొచ్చి, అందరం కలిసి ఆయన్ని గట్టు మీదికి చేర్చాం.

అప్పుడే అవతలి గట్టు మీదుగా అత్తయ్య వచ్చింది. ఆఫీసరు గారికి భోజనం పెడదామని పెద్ద క్యారేజీ పట్టుకుని, మొదటి బస్సులో వచ్చింది. వస్తూనే చేను చూసింది. నీళ్ళు లేని బురదలో నాట్లన్నీ వాలిపోయి పడున్నాయి. ఇంజను పీల్చిన చోట కొన్ని వేళ్ళతో సహా లేచొచ్చాయి.

"ఒరేయ్ శ్రీనూ! చేలో నీళ్ళేవిరా?"

నా ప్రజలు ఏదో అనబోయారు. నేను చేతులు జోడించి ఆపాను.

అత్తయ్య బాబాయిని చూసింది, ఇంజనును చూసింది, పుంతను చూసింది, ఒంటి బూటుతో నిలబడ్డ ఆఫీసరు గారిని చూసింది. ఎంతైనా టీచరు కదా, తప్పు చేసిన పిల్లల మొహాలు చూస్తే సంగతంతా తెలిసిపోతుంది.

"అయ్యా, ఏమీ అనుకోకండి. ఇది వరి చేనండీ. ఊడ్పులయ్యాయి, నీళ్ళు పెట్టాం. వరికి నీళ్ళు పెట్టకపోతే ఎలాగండీ? ఈ వెర్రి నాగన్నలిద్దరూ మీరొస్తున్నారని ఆ నీళ్ళు తీసి దారిలో పోసినట్టున్నారండీ."

ఆఫీసరు గారు గట్టు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టారు. ఆయన కోప్పడినా నాకంత భయమేసేది కాదు.

"అమ్మా, నేనొచ్చింది ఆ నీళ్ళ కోసమేనండీ. ఫొటో చూసినప్పుడే అనుకున్నాను, ఇది ఊడ్పులప్పుడు, చుట్టుపక్కల చేలకంటే ముందు ఇక్కడ నీళ్ళు పెట్టినప్పుడు తీసిందయ్యుంటుందని. నీళ్ళలో నాట్లు కనపడితే ఒక ఫొటో తీసుకుని, ఇది చెరువు కాదు చేను అని రాసేసి పోదామనుకున్నానండీ. టీ తాగినంత సేపు పని. ఇప్పుడు చేలో నీళ్ళు లేవు, నీళ్ళున్న చోట చేను లేదు. నన్నేం ఫొటో తియ్యమంటారండీ?"

భూమి కుంగిపోతే బాగుండుననిపించింది. అప్పటికే మోకాలి దాకా కుంగి ఉన్నాను, ఇక మిగిలింది కాస్తే.

అత్తయ్య క్యారేజీ పక్కన పెట్టి గట్టు మీద చతికిలబడింది. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వాలిపోయిన నాట్ల వైపు చూస్తూ, "పోనీలేరా, మంచికే చేశావనుకో. అద్దిళ్ళు నాకు అలవాటేగా," అంది. చిన్నప్పటి నుంచి నేనెన్ని వెధవ పనులు చేసినా పకపకా నవ్విన మనిషి ఆవిడ. ఆ పూట నవ్వకపోయేసరికి నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఆఫీసరు గారికి ఆ మాట తగిలినట్టుంది. బాబాయి వైపు తిరిగారు. "ఏవండీ, ఆ ఇంజను ఇటు నుంచి అటే తోడుతుందా, అటు నుంచి ఇటు కూడా తోడుతుందాండీ?"

"ఎటైనా తోడుద్దండీ ఆయ్! పైపులు మార్చడమేనండీ!"

"అయితే మార్చండి. నేను సాయంత్రం దాకా వేరే పని పెట్టుకోలేదు. జీపు ఎలాగూ కదలదు."

ఇక చూడాలి సంబరం. పైపు పుంతలో పడేశారు. పొద్దుట పోసిన నీళ్ళనే మళ్ళీ చేలోకి తోడటం మొదలైంది. బాతులు నీళ్ళు తగ్గిపోతున్నాయని గోల గోల చేశాయి. చుక్క నీరు నిలవదని సాక్ష్యం చెప్పడానికొచ్చిన ప్రజలంతా పంచెలు ఎగ్గట్టి చేలో దిగి, వాలిపోయిన నాట్లను నిలబెట్టారు. అందరికంటే ముందు నేను దిగాను. ఇంజనీరింగ్ చదివినన్నాళ్ళూ ఒక్కసారి కూడా వంగని నడుం ఆ రోజు మధ్యాహ్నం దాకా లేవలేదు.

ఆఫీసరు గారు బాబాయి లుంగీ కట్టుకుని, గట్టు మీద గొడుగు కింద కూర్చుని, అత్తయ్య తెచ్చిన పులిహోరా, కొరమీను పులుసూ ఆరగించారు. సర్వేయరు కూడా ఏ మొహమాటమూ పడలేదు. ఇద్దరూ కలిసి అత్తయ్య వంట గురించి వేరే ఒక సర్వే చేశారు. పులుసులో మామిడికాయ వేశారాండీ అని ఆయన, ఆయ్, కొంచెం వేశానండీ అని ఆవిడ. మధ్య మధ్య చేలోకి చూసి, "శ్రీనివాసు గారూ, ఆ మూల ఇంకా వాలే ఉన్నాయండీ," అని నాకు సలహాలు చెప్పారు. ప్రజాభిప్రాయ సేకరణ అంటే ప్రజలు అధికారులకు సలహాలివ్వడమని నేను చదివాను. మా చేలో మాత్రం అది తిరగబడింది.

నీళ్ళు నిండాయి. నాట్లు నిలబడ్డాయి. సర్వేయరు ఫొటో తీశాడు. అందులో నేను బురదలో వంగి ఉన్నాను, వీపు మాత్రమే కనపడుతుంది. "ఇప్పుడు చేనులా ఉందండీ," అని ఆఫీసరు గారు రాసుకుని, ట్రాక్టరు కట్టి లాగించిన జీపెక్కి, లుంగీతోనే ఏలూరు వెళ్ళిపోయారు.

కొన్ని నెలల తర్వాత, సవరించిన పటం మళ్ళీ గోడకెక్కింది. ఇద్దరం పరుగున వెళ్ళాం. అత్తయ్య చెక్క నిండా పసుపు! ఆవిడ హాల్లోనే నవ్వేసింది. గుమస్తా కూడా నవ్వాడు. నేనూ నవ్వబోయి, ఆ పసుపు పక్కన ఏదో సన్నటి గీత చూసి ఆగిపోయాను. ఊరి మలుపు దగ్గర మొదలై, అత్తయ్య స్థలం దాకా వెళ్ళి ఠక్కున ఆగిపోయిన నీలం గీత. పుంత. సర్వేయరు రాసుకుని, ఆనక కొట్టెయ్యడం మరిచిపోయిన కాలవ.

"ఏవండీ, మా ఇంటికి దారి అదొక్కటేనండీ," అంది అత్తయ్య గుమస్తాతో.

అతను పటం దగ్గరికి వెళ్ళి తేరిపార చూశాడు. "స్థలం బానే ఉందమ్మా. కానీ దారి లేని స్థలానికి ప్లానివ్వరండీ. పడవేమైనా ఉందాండీ మీకు?"

అత్తయ్య నా వైపు తిరిగింది. నేను అలవాటుగా పెన్ను తీశాను. "అనాదిగా సదరు పుంతయందు..." అని మొదలుపెట్టానో లేదో, పెన్ను నా చేతిలోంచి లాక్కుంది.

"నువ్వు ఆ బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చోరా. ఈసారి అభ్యంతరం నేను రాసుకుంటాను."

రాసింది. మూడు నాలుగు ముక్కలే. నాకు చూపించలేదు. మడిచి గుమస్తాకిచ్చేసింది. అతను చదివి, నా మొహం చూసి, వెనక్కి తిరిగి భుజాలు కదిలిపోయేలా దగ్గాడు.

ఆ అభ్యంతరంలో ఏముందో తుది ప్లాను ప్రకటించిన రోజు తెలిసింది. వచ్చిన అభ్యంతరాలన్నీ, వాటి మీద తీసుకున్న నిర్ణయాలన్నీ అచ్చు వేయించి ఆఫీసు బోర్డుకు అంటించారు. జిల్లా నలుమూలల నుంచీ వచ్చిన జనం నిలబడి చదువుతున్నారు. మా అత్తయ్య వాళ్ళందరి మధ్య నిలబడి, క్లాసులో పాఠం చదివినట్టు పైకి చదివింది.

"సదరు పుంతలో కనిపించిన నీరు సహజమైన నీటి వనరు కాదనియు, అర్జీదారు మేనల్లుడి వలన తాత్కాలికముగా ఏర్పడినదనియు విచారణలో తేలినందున, నీలి రంగు తొలగించడమైనది."

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది అత్తయ్యే. మన జిల్లాలో వాగులున్నాయి, కాలువలున్నాయి, ఒక పెద్ద సరస్సుంది. వాటికి కారణం వానలనీ, నదులనీ రాసి ఉంటుంది. మేనల్లుడి వలన ఏర్పడిన జలరాశి మాత్రం ప్రభుత్వ రికార్డుల్లో అదొక్కటే అయ్యుండాలి.

కాబట్టి సభాముఖంగా, మీ అందరి సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ప్రభుత్వం వారు ఏ ప్లాను మీద నా అభిప్రాయమడిగినా, ఉన్నది ఉన్నట్టు ఒక్క ముక్కలో చెప్పి నోరు మూసుకుంటాను. అధికారుల రాక సందర్భంగా ప్రకృతిని ఏ విధంగానూ సవరించను. పార పట్టను, మడవ తియ్యను, ఇంజను దరిదాపులకు వెళ్ళను. ఈ ప్రమాణం అత్తయ్య కొత్తింటి వీధరుగు మీద కూర్చునే రాస్తున్నాను. దాహంగా ఉంది గానీ, చెంబు మాత్రం ఆవిడ నా చేతికివ్వదు. దగ్గరుండి గ్లాసులో పోసి, నేను తాగేదాకా నిలబడి చూసి, ఖాళీ గ్లాసు పట్టుకుని లోపలికి వెళుతుంది.